బందరు కోటలో తప్పిపోయిన కెప్టెను



ఈ వేళ నేను మీతో ముచ్చటించబోయేది ఒక చనిపోయిన మనిషి గురించి. చనిపోయి 260 ఏళ్ళు దాటిపోయింది. మనవాడు కాదు, మన పక్షాన పోరాడినవాడూ కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పటాలంలో కెప్టెను. పేరు కాలెండర్. నవ్వకండి, మన వంటింటి గోడకు మేకుకి వేలాడే కాలెండరుకీ ఈయనకీ ఏ సంబంధమూ లేదు, ఇంగ్లీషులో అక్షరాలు కూడా కొంచెం తేడా. 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి బందరు కోట మీద దాడికి దండు బయల్దేరే వేళకు ఈయన కనిపించలేదు. ఎంత వెతికినా లేడు. కోట పట్టుబడబోయే చివరి క్షణాల్లో ఎక్కణ్ణుంచో ఊడిపడ్డట్టు వచ్చాడు. వచ్చి దండు ముందు నిలబడ్డాడు. నిలబడ్డ మరుక్షణం గుండు తగిలి పడిపోయాడు.

పరాయి దేశపు సిపాయి ఎలా పోతే మనకెందుకమ్మా అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. ఉన్నమాట చెప్పాలంటే మొదట నాకూ అలాగే అనిపించింది. కాని ఆ రాత్రి బందరులో జరిగిన దానివల్లనే, నెల తిరిగి కొద్దిరోజులయ్యేసరికి మన కొండవీటి సీమలో భూములు, నిజాంపట్నం సర్కారు ఒక్క కాగితంతో ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయాయి. మనం ఇవాళ పత్తీ మిరపా పండించుకుంటున్న ఈ నేల తలరాత మార్చిన రాత్రుల్లో అదొకటి. అటువంటి రాత్రి నాయకత్వం వహించవలసిన మనిషి ఎక్కడికి పోయాడు అన్నది తెలుసుకోదగిన సంగతే కదా.

కాస్త వెనక్కి వెళ్ళి మొదలుపెడతాను.

1756 నుంచి 1763 దాకా ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ ఏడేళ్ళ యుద్ధం జరిగింది. యూరపులో కొట్టుకున్నారు, కెనడాలో కొట్టుకున్నారు, సముద్రాల మీద కొట్టుకున్నారు, అక్కడితో చాలక మన కోస్తాకు వచ్చి కొట్టుకున్నారు. దాయాదులు తగువులాడుకుని ఎదురింటివాళ్ళ పెరడు తొక్కి పాడుచేసినట్టు! అప్పటికి మన తెలుగు సర్కారులు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్నాయి. నిజాము సలాబత్ జంగు 1753లో ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను బుస్సీకి రాసిచ్చాడు. బందరు అంతకు ముందే వాళ్ళకు దక్కింది. బుస్సీ అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది బొబ్బిలి. 1757 జనవరిలో ఆ ఘోరం జరగడం, తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజును పొడిచి చంపడం మీరంతా బుర్రకథల్లో విన్నదే.

విజయరామరాజు తరువాత గద్దెనెక్కిన ఆనందగజపతిరాజుకు ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు. 1758లో పుదుచ్చేరి నుంచి లాలీ అనే కొత్త పెద్ద బుస్సీని వెనక్కి పిలిపించుకుని, కాన్‌ఫ్లాన్స్ అనే ఆయన్ని ఇక్కడ పెట్టాడు. అదే అదనుగా ఆనందరాజు విశాఖపట్నాన్ని పట్టుకుని, సాయం పంపమని ఇంగ్లీషువాళ్ళకు కబురు చేశాడు. కలకత్తాలో ఉన్న క్లైవు సుమారు 500 మంది తెల్లవాళ్ళను, 2000 మంది దేశీయ సిపాయిలను ఓడలెక్కించి ఫోర్డు అనే సేనానితో పంపాడు. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫోర్డు గెలిచాడు, కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి ఏకబిగిన పారిపోయాడు. ఆ తరువాత ఫోర్డు బందరు దాకా రావడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఎందుకంటారా? డబ్బు! ఖర్చులకు ఇస్తానన్న సొమ్ము రాజుగారు ఇవ్వలేదు. ఇల్లు నడిపేవాళ్ళం కదా, చేతిలో పైసా లేకుండా ఇంత మందికి రెండు పూటలా తిండి పెట్టాలంటే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

1759 మార్చి మొదటి వారంలో ఇంగ్లీషు దండు బందరు చేరింది. ఈ కోట కొండమీద కోటలాంటిది కాదు. ఒక పక్క సముద్రపు పాయ, మిగతా పక్కలంతా చిత్తడి, ఊబి. ఊరికీ కోటకూ మధ్య ఒకే ఒక కట్టదారి. మన బాపట్ల, నిజాంపట్నం వైపు పర్ర భూములు చూసినవాళ్ళకు అర్థమవుతుంది. పోటు వస్తే నీళ్ళు, ఆటు వస్తే బురద, పైకి గట్టినేలలా కనబడుతుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది. కోట లోపల ఫ్రెంచివాళ్ళు బయట ఉన్న ఇంగ్లీషువాళ్ళ కంటే ఎక్కువమంది. లోపలివాళ్ళు ఎక్కువ, ముట్టడించేవాళ్ళు తక్కువ, ఇదేం ముట్టడి అని అప్పటివాళ్ళు నవ్వుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

ఫోర్డు కష్టాలు అన్నీ ఇన్నీ కావు. ఆ మార్చి నెలలోనే జీతాలు లేవు, కొల్లసొమ్ములో వాటా లేదు అని తెల్ల సిపాయిలు ఆయుధాలు పట్టుకుని తిరగబడ్డారు. బందరు పట్టుబడితే కంపెనీకి పోయే వాటా కూడా మీకే ఇప్పించమని రాస్తానని మాట ఇచ్చి వాళ్ళను బుజ్జగించాల్సి వచ్చింది. ఇంకోవైపు సలాబత్ జంగు పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చి కూర్చున్నాడు. ఫ్రెంచివాళ్ళకు ఓడల మీద సాయం వస్తోందని వార్త. ఏప్రిల్ 7వ తేదీ నాటికి ఫిరంగులకు మందుగుండు ఇక రెండు రోజులకు సరిపోయేంతే మిగిలింది. వెనక్కి పోవడానికి లేదు, అక్కడ ఉండడానికి లేదు. ఆ రాత్రే కోట మీద పడదామని నిశ్చయించాడు.

పన్నాగం ఇది. నాక్స్ అనే కెప్టెను 700 మంది సిపాయిలతో నైరుతి వైపు ఊబి మీదుగా వెళ్ళి ఉత్తుత్తి దాడి చేయాలి. ఆనందరాజు మనుషులు కట్టదారి వైపు అల్లరి చేయాలి. లోపలివాళ్ళు అటూ ఇటూ పరుగెత్తుతుండగా అసలు దండు ఈశాన్యపు మూల ఉన్న బురుజు మీద పడాలి. ఆ బురుజు పేరు ఊసరవెల్లి అట, ఫ్రెంచివాళ్ళ సరదా! అసలు దాడికి 350కి లోపు తెల్లవాళ్ళు, వారిలో 30 మంది ఓడ దిగి వచ్చిన నావికులు, వారి వెనక 700 మంది సిపాయిలు. ఈ దండులో ఒక దళాన్ని నడపవలసినవాడే మన కెప్టెన్ కాలెండర్.

అందరూ వరుస కట్టారు. కాలెండరు లేడు. పిలిచారు, వెతికారు, కొంతసేపు ఆగారు. ఆ ఆగడం మామూలు ఆగడం కాదు. సముద్రపు ఆటు చూసుకుని, బురదలో నీళ్ళు తక్కువగా ఉండే గంట లెక్కకట్టుకుని వేసిన పన్నాగం అది. ఇక లాభం లేదనుకుని ఫిషర్ అనే మరో కెప్టెనుకు ఆ దళం అప్పగించి కదిలారు. ఈ ఆలస్యం వల్ల వీళ్ళు ఇంకా బురదలో ఉండగానే అవతల నాక్స్ తుపాకులు మోగడం మొదలయింది. కష్టపడి కంచె దాటారు, బురుజు ఎక్కారు, ప్రాకారం మీద రెండుగా చీలారు. ఫిషర్ దళం ద్వారం వైపు వెళ్ళింది. యార్క్ అనే కెప్టెను దళం రెండోవైపు వెళ్ళింది. తెల్లవారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. సుమారు 500 మంది తెల్లవాళ్ళు, 2500 పైచిలుకు ఇతరులు ఖైదీలయ్యారు. గెలిచినవాళ్ళ కంటే ఖైదీలే చాలా ఎక్కువ!

ఫిషరు దళం ద్వారం వైపు సాగుతుండగా, ఎక్కణ్ణుంచి వచ్చాడో ఎవరికీ తెలియకుండా కాలెండరు ప్రత్యక్షమయ్యాడు. తన దళం ముందుకొచ్చి తన చోట నిలబడ్డాడు. ఎదుటివాళ్ళు పేల్చిన చివరి తూటాలలో ఒకటి తగిలి అక్కడికక్కడే చనిపోయాడు.

ఇది మనకు ఎలా తెలిసింది? మా పొన్నూరు దేవుడు సాక్షి భావనారాయణస్వామి. ఒకరిచ్చిన మాటకు సాక్షిగా ఈ ఊరికి దిగివచ్చాడని స్థలపురాణం. అందుకేనేమో, సాక్ష్యం అనేసరికి మా ఊరివాళ్ళకు కాస్త పట్టింపు ఎక్కువ. చరిత్రలోకి దేవుడు దిగివచ్చి సాక్ష్యం చెప్పడు కనుక, చూసిందెవరు, రాసిందెవరు, రాసినవాడు అప్పుడు ఎక్కడున్నాడు అని మనమే ఒకటికి రెండుసార్లు అడగాలి.

రాసినవాడు రాబర్ట్ ఆర్మ్. కేరళ తీరంలో అంజెంగో కోటలో 1728లో పుట్టాడు, తండ్రి కంపెనీ డాక్టరు. మద్రాసు కౌన్సిలులో సభ్యుడుగా పనిచేశాడు. ఇండియాలో ఇంగ్లీషువాళ్ళ యుద్ధాల గురించి పెద్ద చరిత్ర రాశాడు. అందులో బందరు కథ ఉన్న భాగం 1778లో అచ్చయింది, అంటే కోట పడిన 19 ఏళ్ళకు. మరి కోట పడిననాడు ఆయన ఎక్కడున్నాడంటే, బందరులో లేడు సరికదా ఇండియాలోనే లేడు. 1758లో మద్రాసు వదిలి ఓడెక్కితే దారిలో ఫ్రెంచివాళ్ళు పట్టుకుని మారిషస్‌కు తీసుకుపోయారు. కనుక ఆయనది కంటితో చూసిన సాక్ష్యం కాదు. అయితే ఆర్మ్ సామాన్యుడు కాదు. యుద్ధంలో ఉన్నవాళ్ళ ఉత్తరాలు, దినచర్యలు, పటాలు పోగుచేసి, ఒకరి మాట ఇంకొకరి మాటతో సరిచూసి రాసేవాడు. ఆయన కాగితాల మూటలు ఈనాటికీ లండనులో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. తరువాత వచ్చిన ఇంగ్లీషు చరిత్రకారులు బందరు ముట్టడి రాసినప్పుడల్లా ఆర్మ్ దగ్గరికే వచ్చారు. పది పుస్తకాల్లో ఒకే మాట కనిపిస్తే పదిమంది సాక్షులు అనుకోకూడదు. ఒక్క సాక్షి మాటనే పదిమంది చెబుతున్నారన్నమాట. అమ్మలక్కల కబుర్లలో మనకు ఇది రోజూ అనుభవమే!

కంపెనీ అధికారుల పేర్లు అకారాది క్రమంలో ఒక పెద్ద జాబితాగా 1838లో లండనులో అచ్చువేశారు. డాడ్‌వెల్, మైల్స్ అనే ఇద్దరు తయారుచేసింది. ఎవరు ఎప్పుడు చేరారు, ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎప్పుడు ఎక్కడ పోయారు, అన్నీ వరుసగా ఉంటాయి. చరిత్ర వెతికేవాళ్ళకు అది పంచాంగం లాంటిది. కాని అది మొదలయ్యేది 1760తో. కాలెండరు పోయింది 1759 ఏప్రిల్లో. ఎనిమిది తొమ్మిది నెలల తేడాలో మనిషి గడప బయటే ఉండిపోయాడు పాపం.

హోదా, హోదా అంటున్నాను, ఆ హోదా అంత ముఖ్యమా అంటే, ముఖ్యమే. కెప్టెను అంటే ఆ రోజుల్లో సుమారు వందమంది దళానికి పెద్ద. మన పాతకాలం వాళ్ళు కప్తాను అనేవారు. కెప్టెనుకు కింద లెఫ్టినెంటు, అతని కింద ఎన్‌సైను. పైన మేజరు, లెఫ్టినెంట్ కల్నలు, కల్నలు. కోట పట్టుబడితే కొల్లసొమ్ము ఈ హోదాల ప్రకారమే పంచుతారు. చనిపోయినవాడి వాటా అతని వారసులకు చేరుతుంది. అంటే బందరు బురదలో పడిన మనిషి హోదా ఏమిటి అన్న ప్రశ్నకు జవాబు ఎక్కడో ఇంగ్లండులో ఒక ఇంట్లో పొయ్యి వెలగడానికి సంబంధించిన విషయం. తరువాత 1770లో క్లైవు, మీర్ జాఫరు తనకు వదిలిపోయిన అయిదు లక్షల రూపాయలతో ఒక నిధి ఏర్పరిచాడు. కంపెనీ సైన్యంలో పనిచేసి చితికిపోయిన వారికి, వితంతువులకు అందులోంచి పింఛను. అక్కడా హోదాను బట్టే. మా వీధిలో ఒక ఆవిడకు భర్త పోయాక పింఛను రావడానికి ఏణ్ణర్థం పట్టింది. ఆయన ఉద్యోగం పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉందట. ఏ ఆఫీసని అడక్కండి, ఆవిడ అరిగించిన చెప్పులు నాకు తెలుసు. కాగితం మీద ఒక ముక్క తేడా అయితే ఏమవుతుందో మగవాళ్ళ కంటే ముందు తెలిసేది ఆడవాళ్ళకే.

ఇంతకీ కాలెండరు పిరికివాడా? దండు కదిలే వేళకు అధికారి కనబడకపోతే ఏ సైన్యంలోనైనా అది చాలా పెద్ద నేరం. బతికుంటే విచారణ తప్పేది కాదు. ఆర్మ్ మాత్రం సంగతి చెప్పి ఊరుకున్నాడు, కారణం రాయలేదు. చదివినవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. భయపడి దాక్కుని, గెలుపు ఖాయమని తెలిశాక మాట దక్కించుకోవడానికి పరుగెత్తుకొచ్చాడని అనుకోవడానికి వీలుంది. నాకైతే అలా తోచదు. గెలుపు కోసం కాచుకున్నవాడు కాల్పులు ఆగాక వస్తాడు గాని, తూటాలు దూసుకువస్తుండగా దళానికి ముందుకు వచ్చి నిలబడడు. అర్ధరాత్రి, చుట్టూ ఒకే తీరుగా బురద, దీపం వెలిగించడానికి వీల్లేదు. పర్రలో పట్టపగలు దారి తప్పి పశువుల కాపరులు కూడా తిప్పలు పడతారు. దారి తప్పాడో, ఒంట్లో బాగాలేక ఎక్కడైనా కూలబడ్డాడో, ఏదైనా కావచ్చు. నోరు తెరిచి నాలుగు మాటలు చెప్పుకునే వ్యవధి మాత్రం ఆయనకు దొరకలేదు. తనవైపు చెప్పుకోలేని మనిషి గురించి చెడ్డమాట అనేముందు కాస్త తటపటాయించడం మంచిదని నా అభిప్రాయం.

ఆ రాత్రి ఇంకోచోట జరిగినది చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. రెండోవైపు వెళ్ళిన యార్క్ దళం ప్రాకారం మీద సాగుతుండగా ఎవరో 'మందుపాతర' అని అరిచారు. అంతే, దళమంతా వెనక్కి తిరిగి పరుగు లంకించుకుంది. యార్క్ ఒక్కడే మిగిలాడు. ఒక్కడే అంటే ఒక్కడే కాదు. డ్రమ్ములు వాయించే కుర్రవాళ్ళు ఇద్దరు ఆయన పక్కనే నిలబడి, చుట్టూ ఎవరూ లేకపోయినా, దండు నడకకు వాయించే దరువు వాయిస్తూనే ఉన్నారు. ఆ చప్పుడు విని కూడా పారిపోయినవాళ్ళు రాలేదు. యార్క్ వెనక్కి వెళ్ళి, బెదిరించి, బతిమాలి, 36 మందిని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఫ్రెంచివాళ్ళ ఫిరంగి పేలింది. యార్క్ రెండు తొడల్లోంచీ గుళ్ళు దూసుకుపోయాయి. ఆయన బతికాడు. పక్కనున్న ఇద్దరు కుర్రవాళ్ళూ చనిపోయారు.

వాళ్ళ పేర్లేమిటి? ఆర్మ్ రాసింది నల్ల కుర్రవాళ్ళు అని మాత్రమే. ఆ కాలపు ఇంగ్లీషు రాతల్లో నల్లవాళ్ళు అంటే మనదేశపు వాళ్ళు కావచ్చు, ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ళు కావచ్చు, మిశ్రమ సంతానమూ కావచ్చు. భయపడి పరుగెత్తిన పెద్దవాళ్ళ మధ్య కాలు కదపకుండా నిలబడ్డ పసివాళ్ళు వాళ్ళు. కాలెండరుకు కనీసం ఇంటిపేరు, హోదా మిగిలాయి. ఈ ఇద్దరికీ ఒంటిరంగు తప్ప ఏమీ మిగలలేదు. నన్నడిగితే ఆ రాత్రి మొత్తం మీద వీరులంటే వాళ్ళే.

చనిపోయినవారి లెక్క చూడండి. తెల్లవాళ్ళు 22 మంది చనిపోయారు, 62 మందికి గాయాలు. సిపాయిలు 50 మంది చనిపోయారు, 50 మందికి గాయాలు. అంటే ప్రాణం పోయినవాళ్ళలో రెండింతల పైగా మన దేశస్థులే. ఈ 50 మందిలో ఒక్కరి పేరు కూడా ఆ కథలో లేదు. మీకొక విశేషం చెప్పనా? బెంగాలులో, ఉత్తర హిందూస్థానంలో కంపెనీ సిపాయిని చాలాకాలం 'తిలంగా' అని పిలిచారు. తిలంగా అంటే తెలుగువాడు. ప్లాసీకి ముందు క్లైవు వెంట మద్రాసు నుంచి వెళ్ళిన సిపాయిల వల్ల వచ్చిన పేరది. తరువాత అక్కడ ఏ కులంవాడు, ఏ భాషవాడు పటాలంలో చేరినా తిలంగాయే! మన పేరు మాత్రం ఊరూరా పాకింది, మన మనుషుల పేర్లు ఎక్కడా నిలవలేదు.

ఇక ఫోర్డు సంగతి. గెలిచినవాడి బతుకు సుఖంగా గడిచిందనుకుంటాం కదా, వినండి. ఫోర్డు మొదట ఇంగ్లండు రాజుగారి 39వ పటాలంలో అధికారి. ఇండియాకు వచ్చిన మొట్టమొదటి రాజుగారి పటాలం అదే, 1754లో వచ్చింది. అక్కడ మేజరు దాకా ఎదిగాడు. రాజుగారి ఉద్యోగమంటే గట్టి ఉద్యోగం. ఒకే హోదాలో ఇద్దరుంటే కంపెనీవాడి కంటే రాజుగారి మనిషే పెద్ద. క్లైవు రమ్మంటే ఆ ఉద్యోగం వదులుకుని కంపెనీలో లెఫ్టినెంట్ కల్నలుగా చేరాడు. మన పుస్తకాల్లో కల్నల్ ఫోర్డ్ అని ఉంటుంది, లెఫ్టినెంట్ కల్నలును కూడా మాటవరసకు కల్నల్ అనడం వాళ్ళ మర్యాద. తీరా చందుర్తి గెలిచి, బందరు గెలిచి, కలకత్తా తిరిగి వెళ్ళాక తేలిందేమంటే, లండనులో కూర్చున్న కంపెనీ డైరెక్టర్లు ఆయన నియామకాన్ని ఖాయం చేయలేదు! రెండు యుద్ధాలు గెలిచినవాడి హోదా కాగితం మీద గాలిలో వేలాడుతోంది. ఆయన మనసు ఎంత కష్టపడి ఉండాలి! అయినా 1759 నవంబరులో డచ్చివాళ్ళు బెంగాలులో దిగితే మళ్ళీ ఆయనే వెళ్ళి ఓడించాడు. యుద్ధం చేయడానికి రాతపూర్వకంగా ఆజ్ఞ ఇమ్మని అడిగితే, క్లైవు పేకాడుతూ అక్కడికక్కడే చిన్న చీటీ మీద పెన్సిలుతో రాసి పంపాడని చెబుతారు. క్లైవు క్లైవే.

పదేళ్ళ తరువాత కంపెనీ వ్యవహారాలు చక్కబెట్టడానికి ముగ్గురు పెద్దమనుషులను ఇండియాకు పంపారు. వాన్సిటార్ట్, స్క్రాఫ్టన్, ఫోర్డ్. 'అరోరా' అనే యుద్ధనౌక ఎక్కారు. అది 1769 డిసెంబరు 27న ఆఫ్రికా దక్షిణపు కొసనున్న కేప్ రేవును వదిలింది. ఆ తరువాత దాన్ని చూసినవాడు లేడు. ఆ ఓడలోనే విలియం ఫాల్కనర్ అనే కవి కూడా ఉన్నాడు. ఆయనకు పేరు తెచ్చిన కావ్యం దేని గురించో తెలుసా? ఓడ మునక గురించి! కథల్లో రాస్తే నమ్మరు.

అందువల్లనే ఫోర్డు చనిపోయిన సంవత్సరం కొన్ని పుస్తకాల్లో 1769 అని, కొన్నిట్లో 1770 అని ఉంటుంది. రెండూ తప్పనలేం. ఒకరు చివరిసారి కనబడ్డ తేదీ వేశారు, ఇంకొకరు మునిగి ఉండవచ్చునన్న తేదీ వేశారు. పాత మనుషుల గురించి వెతికేటప్పుడు ఈ రెంటికీ తేడా తెలుసుకోవాలి. కాలెండరు సంగతి దీనికి తలకిందులు. ఆయన పోయిన రాత్రి, పోయిన చోటు తెలుసు, అంతకుముందు ఆ కొన్ని గంటలే కనబడవు.

బందరు పడిన వారం రోజులకు ఫ్రెంచి ఓడలు 300 మందితో వచ్చాయి. అప్పటికే అంతా అయిపోయింది. సలాబత్ జంగు ఆలోచించుకుని మే 14న ఇంగ్లీషువాళ్ళతో సంధి చేసుకున్నాడు. ఎనిమిది తాలూకాలతో బందరు సర్కారు, నిజాంపట్నం సర్కారు, కొండవీడు, వకల్మన్నారు జిల్లాలు వాళ్ళకు ఇనాముగా ఇచ్చాడు. ఫ్రెంచివాళ్ళను తన రాజ్యంలో నిలవనివ్వనని ఒప్పుకున్నాడు. గుంటూరు సర్కారు మాత్రం నిజాము తమ్ముడు బసాలత్ జంగు జాగీరుగా సాగి, ఆయన 1782లో పోయాక, 1788లో కంపెనీకి వచ్చింది. రైతులను ఒక్కమాట అడిగినవాళ్ళు లేరు. పొద్దున లేచేసరికి శిస్తు ఎవరికి కట్టాలో మారిపోయింది.

మీ ఇళ్ళల్లో కూడా పట్టాళంలో చేరి తిరిగిరాని తాతో, పెద్దతాతో ఉండవచ్చు. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళో ఇంటింటికీ ఒకరు ఉంటారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయినవారికైతే వెతికే దారి ఉంది. బ్రిటిషువాళ్ళు 1917లో యుద్ధ సమాధుల సంఘం ఒకటి పెట్టారు. సేనానికైనా సిపాయికైనా ఒకే కొలత రాయి, పేరు, హోదా, పటాలం, తేదీ, ఇదీ వాళ్ళ నియమం. మద్రాసులో నందంబాక్కం దగ్గర 1952లో కట్టిన శ్మశానవాటికలో ఆ రాళ్ళు చూడవచ్చు. నియమం మంచిదే. కాని మొదటి యుద్ధంలో ఇరాక్ వైపు, ఆఫ్రికా వైపు చనిపోయిన మన సిపాయిలు ఎందరికో పేర్లు చెక్కకుండా సంఖ్యలు మాత్రమే వేశారని, కొందరికి అదీ లేదని 2021లో ఆ సంఘమే విచారణ చేసి ఒప్పుకుంది, క్షమాపణ చెప్పింది. ఇప్పుడు పేర్ల కోసం వెతుకుతున్నారు. మీ దగ్గర పాత డిశ్చార్జి కాగితం, పతకం, ఉత్తరం, ఏదున్నా అటక మీదనుంచి దింపండి. పతకం అంచు మీద నెంబరు, హోదా, పేరు, పటాలం సన్నటి అక్షరాల్లో చెక్కి ఉంటాయి. చింతపండుతో తోమేసి అరగదీయకండి, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

బందరు వెళ్ళాలనుకునేవారికి, మావైపు నుంచయితే రేపల్లె మీదుగా పెనుమూడి వంతెన దాటి అవనిగడ్డ దారిన పోవచ్చు. బందరుకోటలో ఆయుధాగారం, గంటగోపురం వంటి పాత కట్టడాలు కొన్ని పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. నేల మాత్రం అదే నేల, సముద్రపు గాలి, ఉప్పుబురద. ఊళ్ళో డచ్చివాళ్ళ శ్మశానం కూడా తప్పక చూడండి. రాళ్ళ మీద వంశచిహ్నాలు, అక్షరాలు ఎంత నాజూకుగా చెక్కారో! అక్కడ కాలెండరు కోసం వెతక్కండి. ఆ రాళ్ళలో చాలావాటి కింద ఉన్నవాళ్ళు ఆయన పుట్టకముందే పోయిన బట్టల వర్తకులు.